నాటిన మూత్రపిండమునకు నీటి వంతు

పంటలను గూర్చియు, ఎరువులను గూర్చియు, విత్తనములను గూర్చియు వ్రాయుట కేర్పడిన ఈ పుటలలో ఒక రోగిని గూర్చి వ్రాయుచున్నందులకు సభ్యులు మమ్ము మన్నింతురు గాక. మేము వైద్యులము కాము, వ్యవసాయ ప్రదర్శకులము. అయినను గడచిన వేసవిలో మా కన్నుల యెదుట జరిగిన యొక సంగతియు, అందులో మా తప్పును కలసి యుండుటయు, ఈ వ్యాసము వ్రాయుటకు మమ్ము పురికొల్పినవి. ఇందలి విషయములను తెలిసిన వైద్యుల నడిగి, సరిచూచుకొనిన పిమ్మటనే వ్రాయుచున్నాము.

సోమల ప్రాంతమున మన సంఘ సభ్యులలో ఒక రైతు గలడు. పేరు చెప్పవలసిన పని లేదు. ఆయనకు బోరు క్రింద రెండెకరముల భూమియు, నాలుగు ఆవులును గలవు. నలువది యేండ్లు నిండకమునుపే ఆయన మూత్రపిండములు రెండును చెడినవి. రెండు సంవత్సరములు వారమునకు మూడు మారులు ఆసుపత్రికి పోయి, యంత్రము సాయమున రక్తశుద్ధి చేయించుకొనెను. ఆ పిమ్మట ఆయన తల్లి తన మూత్రపిండములలో నొకదానిని కుమారున కిచ్చెను. శస్త్రచికిత్స ఫలించెను. ఏడాది తిరుగునప్పటికి ఆయన మరల పొలము గట్టున నిలువగలిగెను. ఊరివా రందరును సంతసించిరి.

గత వైశాఖ మాసమున టమోటా మొక్కలకు కొయ్యలు పాతి, తీగలు కట్టు పద్ధతిని చూపుటకై మేము ఒక పొలమునకు రైతులను పిలిచితిమి. ఉదయము ఎనిమిది గంటలకు మొదలుపెట్టిన పని మధ్యాహ్నము ఒంటిగంట వరకు సాగెను. కొయ్యలు, తీగలు, బిందుసేద్యపు గొట్టములు, ఎరువు బస్తాలు సమస్తమును సిద్ధము చేసికొంటిమి గాని, త్రాగు నీటిని మాత్రము సిద్ధము చేయలేదు. బోరు పారుచున్నది గదా యని తలచితిమి. వచ్చినవారందరును ఆ గొట్టము క్రింద దోసిలి పట్టి త్రాగిరి. ఈ రైతు మాత్రము త్రాగలేదు. కాచిన నీటినే త్రాగవలెనని ఆయనకు వైద్యుల యాజ్ఞ. తెచ్చుకొనిన సీసా తొమ్మిది గంటలకే ఖాళీ యయ్యెను. నలుగురిలో చెప్పుకొనుటకు సిగ్గుపడి, కొయ్యలు పాతుటలో సాయపడుచు ఒంటిగంట వరకు ఎండలోనే యుండెను.

ఆ రాత్రి తలనొప్పియు, ఒడలి నొప్పులును వచ్చినవి. అంగడిలో నొప్పి మాత్ర కొని వేసికొనెను. మరునాడు విరేచనములు పట్టుకొనినవి. మూడవ నాటికి మూత్రము తగ్గి, కాచిన తేయాకు డికాషను రంగునకు తిరిగెను. ఇల్లాలు తూకపు యంత్రముపై నిలువబెట్టి చూడగా రెండు కిలోల బరువు తగ్గియుండెను. వెంటనే ఆసుపత్రికి తీసికొనిపోయిరి. అంతకుముందు 1.3 ఉండిన క్రియాటినిను 2.7 అయ్యెను. మూడు దినములు నరము ద్వారా సెలైను ఎక్కించి, మందుల మోతాదును సవరించిన మీదట అది మరల 1.4 వరకు దిగెను. ఇంకొక దినము తాత్సారము చేసియుండిన ఫలితము వేరుగా నుండెడిదని వైద్యులు చెప్పిరి.

మేము చూడబోయినప్పుడు ఆయన తల్లి మమ్ము చూచి, “అయ్యా, నా కడుపులోనిది తీసి వానికిస్తిని. మీ చేనికాడ ఒక చెంబు కాచిన నీళ్లు దొరకలేదా?” అని యడిగెను. దానికి మాయొద్ద సమాధానము లేకపోయెను. ఈ వ్యాసమే ఆ సమాధానముగా నెంచుచున్నాము.

నాటుట యనగా నేమి

మూత్రపిండ మార్పిడి యన్నప్పుడు పాతదానిని తీసి, దాని స్థానమున క్రొత్తదానిని పెట్టుదురని పలువురు తలచుచున్నారు. సాధారణముగా అట్లు జరుగదు. చెడిన రెండింటిని వీపువైపున వానిచోటనే విడిచి, క్రొత్తదానిని పొత్తికడుపున ఒక ప్రక్కను, తుంటి యెముక లోపలివైపున అమర్చుదురు. అచ్చటి రక్తనాళములకు దాని నాళములను కలిపి కుట్టి, మూత్రము పోవు గొట్టమును మూత్రాశయమునకు కలుపుదురు. నారును మడి నుండి తీసి క్రొత్త నేలలో నాటినట్టిదే యీ పని.

ఈ విద్య మిక్కిలి పాతది కాదు. 1954వ సంవత్సరము డిసెంబరు 23వ తేదీన అమెరికాలోని బోస్టను నగరమున జోసెఫ్ మర్రే అను శస్త్రవైద్యుడు, ఒక కవల సోదరుని మూత్రపిండమును రెండవ సోదరునికి అమర్చెను. పుచ్చుకొనిన రిచర్డు హెరిక్ ఎనిమిది సంవత్సరములు జీవించెను. ఇచ్చిన రోనాల్డు హెరిక్ 2010వ సంవత్సరము వరకు జీవించెను. మర్రేకు 1990లో నోబెలు బహుమాన మిచ్చిరి. మనకు పొరుగుననున్న వేలూరు క్రైస్తవ వైద్య కళాశాల ఆసుపత్రిలో 1971లో జరిగిన మార్పిడి, మన దేశమున ఫలించిన మొదటి మూత్రపిండ మార్పిడిగా చెప్పబడుచున్నది. నేడు తిరుపతిలోని శ్రీ వేంకటేశ్వర వైద్య విజ్ఞాన సంస్థలోను ఈ చికిత్స జరుగుచున్నది. 1994వ సంవత్సరపు చట్టముననుసరించి తల్లిదండ్రులు, తోబుట్టువులు, బిడ్డలు, భార్యాభర్తలు మొదలగు దగ్గరి బంధువులు అవయవ మీయవచ్చును. మెదడు మరణించినవారి అవయవములను వారి కుటుంబముల సమ్మతితో ఇతరులకు చేర్చుటకు మన రాష్ట్రమున జీవన్‌దాన్ అను పథకము గలదు. కావున ఇట్టివారు ఇక మన పల్లెలలోను పెరుగుచుందురే గాని తగ్గరు.

నీరు తగ్గిన నేమి కీడు

ఆరోగ్యవంతుని రెండు మూత్రపిండములును కలసి దినమునకు సుమారు 180 లీటర్ల ద్రవమును రక్తము నుండి వడపోయును. అందులో దాదాపు అంతయు మరల రక్తమునకే చేరును. ఒకటి రెండు లీటర్లు మాత్రము మలినములతో మూత్రముగా వెలువడును. గుండె పంపు రక్తములో ఇంచుమించు అయిదవ వంతు ఎల్లప్పుడును ఈ అవయవములగుండా ప్రవహించుచుండును. ఆ ప్రవాహము తగ్గెనా, వడపోత తగ్గును. వడపోత తగ్గెనా, మలినము రక్తమున నిలుచును. క్రియాటినిను పెరుగుట యనగా ఇదియే.

మార్పిడి జరిగినవానికి పనిచేయు మూత్రపిండ మొక్కటియే. జత యెడ్లు లాగవలసిన కాడిని ఒంటియెద్దు లాగుచున్నట్లున్నది. దానికి తోడు మందుల బాధ యొకటి. ఒకరి అవయవమును మరియొకరి దేహము పరాయిదిగా నెంచి త్రోసివేయజూచును. దాని నాపుటకు జీవితాంతము మందులు వాడవలెను. వానిలో ముఖ్యమైనది టాక్రోలిమస్. ఇది 1984లో జపాను దేశమున త్సుకుబా పర్వత ప్రాంతపు మట్టిలో దొరకిన యొక సూక్ష్మజీవి నుండి తీయబడినది. మట్టిని నమ్ముకొనిన మనకు ఈ సంగతి వింతగాను, సంతోషముగాను ఉండును. కాని ఈ మందునకు ఒక గుణము గలదు. మూత్రపిండమునకు రక్తము తెచ్చు సన్నని నాళములను ఇది కొంత బిగించును.

బిందుసేద్యము చేయు రైతునకు దీనిని తెలుపుట సులభము. బోరులో నీరు తగ్గినది; ఇది మొదటి కష్టము. గేటువాల్వు సగము మూసియున్నది. ఇది మందు చేయు పని. ఆ పైన నొప్పి మాత్ర వేసికొనినచో మిగిలిన సగమును మూసినట్లగును. డైక్లోఫెనాకు, ఐబూప్రోఫెను వంటి నొప్పి మాత్రలు, కష్టకాలమున మూత్రపిండపు నాళములను తెరచియుంచు దేహశక్తిని అడ్డగించును. మన సభ్యుని విషయమున ఈ మూడును ఒక్కమారే జరిగినవి. విరేచనములు నాలుగవ కష్టము. విరేచనముల వలన నీరు పోవుటయే గాక, టాక్రోలిమస్ రక్తములో హద్దు మీరి పెరుగుటయు గలదు.

దప్పికను నమ్మరాదు

ఇంతకును, నీరు త్రాగుమని చెప్పుటకు ఇంత గ్రంథ మేల యని కొంద రడుగవచ్చును. దప్పిక యైనవాడు త్రాగడా? మేమును మొదట అట్లే తలచితిమి. కాని ఆ రైతుతో మాటలాడిన పిమ్మట మాకు తెలిసిన దేమనగా, ఆయన నీటికి భయపడుట నేర్చినవాడు.

యంత్రముపై రక్తశుద్ధి చేయించుకొను రోగికి మూత్రము చాలవరకు ఆగిపోవును. త్రాగిన నీరు వెలుపలికి పోవు దారి లేదు. అది కాళ్లలోను, ఊపిరితిత్తులలోను చేరి ఆయాసము పుట్టించును. అందుచేత దినమునకు లీటరునకు లోపుగనే త్రాగుమని యట్టివారిని కట్టడి చేయుదురు. ఆయన రెండు సంవత్సరములు గ్లాసులో మూడు గ్రుక్కలు పోసికొని, నోరు తడిపికొని కాలము గడపెను. మంచుగడ్డ ముక్కను చప్పరించి దప్పిక తీర్చుకొనెను. అట్టివానికి శస్త్రచికిత్స జరిగిన మరునాటి నుండి లీటర్ల కొలదిగా త్రాగుమన్నచో చేయి ఆడునా? చెంబు నిండ నీరు చూచినప్పుడు ఇప్పటికిని గుండె ఝల్లుమనునని ఆయనయే మాతో చెప్పెను. ఇట్టివారికి నీరు త్రాగుట క్రొత్తగా నేర్చుకొనవలసిన విద్య. ఇంటివారు దీనిని గ్రహింపవలెను. గదమాయింపక, దగ్గర నుండి త్రాగింపవలెను.

మన ప్రాంతపు గాలియు మనలను మోసగించును. మదనపల్లె సముద్రమట్టమునకు సుమారు 700 మీటర్ల యెత్తున నున్నది. ఈ పొడి గాలిని మెచ్చియే 1915లో ఆరోగ్యవరమున క్షయరోగులకు చికిత్సాలయమును నెలకొల్పిరి. తిరుపతిలోవలె ఇచ్చట చెమట కారి చొక్కా తడియదు. గాలి వెంటవెంటనే దానిని ఆర్చివేయును. చెమట పట్టలేదు గావున నీరు పోలేదని మనము పొరబడుదుము. ఎండలో బరువు పని చేయువాడు గంటకు ఒక లీటరు వరకు పోగొట్టుకొనవచ్చును. టమోటా ఆకు వ్రేలాడిన పిమ్మట నీరు కట్టు రైతును మన మేమందుము? వంతు ప్రకారము కట్టువానినే గదా మంచి సేద్యగాడందుము. నాటిన మూత్రపిండమునకును అదియే ధర్మము. దప్పిక కొరకు ఎదురుచూడక వంతు ప్రకారము త్రాగవలెను.

ఎంత త్రాగవలెను

చక్కగా పనిచేయు మార్పిడి మూత్రపిండము గల పెద్దవారికి సాధారణముగా దినమునకు రెండు మొదలు మూడు లీటర్ల వరకు వైద్యులు చెప్పుచుందురు. కాని ఎవరి లెక్క వారిదే. శస్త్రచికిత్స జరిగిన తొలి దినములలో మూత్రము మిక్కుటముగా పోవచ్చును. అప్పుడు ఆసుపత్రిలోనే కొలిచి, పోయినదానికి సరిగా నిత్తురు. గుండె బలహీనముగా నున్నవారికిని, క్రొత్త మూత్రపిండము ఇంకను సరిగా పనిచేయనివారికిని ఆ లెక్క తగ్గును. కావున ప్రతి రోగియు తన వైద్యుని, “దినమునకు నాకెన్ని లీటర్లు? ఎండ దినములలో ఎంత పెంచవలెను?” అని యడిగి, ఆ అంకెను కాగితముపై వ్రాయించుకొని గోడకు అంటించుకొనవలెను.

రెండున్నర లీటర్లు చెప్పబడినవాని కొరకు ఒక మచ్చు పట్టిక నిచట నిచ్చుచున్నాము. గ్లాసు అనగా 250 మిల్లీలీటర్లు.

ఉదయము లేచినప్పుడు 2 గ్లాసులు.
పొలమునకు పోవుటకు ముందు 1 గ్లాసు.
తొమ్మిది మొదలు పండ్రెండు గంటలలోపల, గంట కొకటి చొప్పున 3 గ్లాసులు.
మధ్యాహ్న భోజనముతో 1 గ్లాసు.
సాయంకాలములోపల 2 గ్లాసులు.
రాత్రి ఏడు గంటలలోపల 1 గ్లాసు.

మొత్తము 10 గ్లాసులు. మజ్జిగ, పాలు, పలుచని అంబలి, కాఫీ, తేనీరు ఇవన్నియు ఈ లెక్కలోనివే. ఒకే మారు చెంబెడు త్రాగుట కంటె పలుమారులు కొంచెము కొంచెముగా త్రాగుట మేలు. పైరునకు నీరు కట్టుటలోను మన మెరిగిన సంగతియే యిది. రాత్రి వేళ తగ్గించుటచే నిద్ర చెడకుండును.

లీటరు సీసాలను ఉదయమే నింపి వరుసగా పెట్టుకొనినచో, సాయంకాలమునకు ఎన్ని ఖాళీ యైనవో చదువురానివారికిని తెలియును. పొలమునకు పోవునప్పుడు ఒకటికి రెండు సీసాలు వెంట నుండవలెను. మూత్రము వచ్చినప్పుడు ఆపుకొనరాదు. మూడు నాలుగు గంటల కొకమారు పోవలెను. ఈ రోగులకు మూత్రనాళమున చీము పట్టు భయ మెక్కువ. దారిలో మూత్రమునకు పోవలసివచ్చునని నీరు మానుట, ముఖ్యముగా స్త్రీలలో, తఱచుగా జరుగుచున్నది. అది మిగుల హానికరము.

కొలతలు రెండు చాలును. మొదటిది తూకము. ప్రతి ఉదయమును మూత్రమునకు పోయివచ్చిన పిమ్మట, ఏమియు తినకమునుపు, ఒకే యంత్రముపై తూచుకొని వ్రాసికొనవలెను. ఒక్క దినములో కిలో తగ్గినచో సుమారు లీటరు నీరు పోయినదని గ్రహింపవలెను. రెండవది మూత్రపు రంగు. లేత గడ్డి రంగున నున్నచో మేలు. ముదురు పసుపు, గోధుమ రంగులకు తిరిగినచో నీరు చాలలేదని యర్థము. ఎఱ్ఱగా నున్నచో అది రక్తము కావచ్చును. వెంటనే వైద్యునికి చూపవలెను. ఈ మందులు వాడువారిలో కొందరికి క్రొత్తగా మధుమేహము వచ్చుట గలదు. అప్పుడు చక్కెర తనతో నీటిని లాగికొని పోవును. మూత్రము విస్తారముగా పోవుచు దప్పిక ఎక్కువైనచో, రక్తములోని చక్కెరను పరీక్షింపించుకొనవలెను.

ఎట్టి నీరు

త్రోసివేతను ఆపు మందులు రోగనిరోధక శక్తిని తగ్గించును. మనకు చీమ కుట్టినట్లుగా పోవు చెడునీరు వారిని మంచము పట్టించును. నీరు బాగుగా కుతకుత నుడికిన పిమ్మట ఒక నిమిషమైనను ఉడకనిచ్చి, చల్లార్చి, మూతగల పాత్రలో నుంచవలెను. ముంచుటకు పిడిగల గరిటె వాడవలెను, చేయి తగులరాదు. చెఱువు నీరు, కుంట నీరు, మూత లేని బావి నీరు, ఎరువు కలిపిన బిందుసేద్యపు గొట్టము నీరు ముట్టరాదు. పంపునీరు తేటగా నున్నంత మాత్రమున నమ్మరాదు. దారి ప్రక్కను మంచుగడ్డ వేసి యిచ్చు చెఱకు రసము, షర్బతులు మానవలెను.

మజ్జిగ మంచిదే. కాచిన పాలను ఇంటిలో తోడువేసిన పెరుగుతో చేసినదై యుండవలెను. పచ్చిపాలు, అవి పుంగనూరు ఆవు పాలైనను, కాచకుండ త్రాగరాదు. ఉప్పు దోసెడు వేసికొనరాదు. రక్తపు పోటు పెరుగును. కొబ్బరినీటిని గూర్చి ఒక మాట. అందులో పొటాసియము మెండుగా నుండును. టాక్రోలిమస్ వాడువారికి రక్తములో పొటాసియము పెరుగు స్వభావము గలదు. అది హద్దు మీరినచో గుండె లయ తప్పును. కావున మంచిదను తలంపుతో బంధువులు తెచ్చు బోండములను వైద్యు నడుగనిదే త్రాగరాదు. పంపరపనస పండును, దాని రసమును బొత్తిగా మానవలెను. అది మందును రక్తములో అపాయకరముగా పెంచును. చెట్టుమందులు, ఆకు పసరులు ఎవరెంత నమ్మకముగా చెప్పినను పుచ్చుకొనరాదు.

నష్టపు దినములు

వాంతులు, విరేచనములు, జ్వరము వచ్చిన దినములు ఈ రోగులకు కరవు దినముల వంటివి. మనము రెండు దినములు ఓర్చి చూతము; వారు ఓర్చి చూడరాదు. ఆ పూటనే తమ మార్పిడి వైద్యునికి ఫోనులో తెలుపవలెను. ఓ.ఆర్.ఎస్. పొట్లమును ఒక లీటరు కాచి చల్లార్చిన నీటిలో కలిపి, కొంచెము కొంచెముగా పుచ్చుకొనుచు ఆసుపత్రికి బయలుదేరవలెను. అందులోను పొటాసియ ముండుటచే, దినముల తరబడి స్వంతముగా వాడరాదు. మందు వేసికొనిన వెంటనే వాంతి యైనచో, మరల వేసికొనవచ్చునా కూడదా యనునది వైద్యుడే చెప్పవలెను. రక్తపు పోటు మాత్రలు, మూత్రము జారీ చేయు మాత్రలు ఆ దినము వాడవలెనా యనునదియు అడుగవలెను. నొప్పికి అంగడి మాత్ర వలదు. నీరు నోట నిలువనిచో సెలైను తప్పదు. 100.4 డిగ్రీల జ్వరము వచ్చినచో గంటలు లెక్కించుకొనక పోవలెను.

నిలువబడగానే కన్నులు తిరుగుట, నాలుక యెండుట, మూత్రము తగ్గుట, ఉదయపు తూకము పడిపోవుట, ఇవి నీరు తగ్గిన గుర్తులు. ఇంటిల్లిపాదికిని ఇవి తెలిసియుండవలెను.

నీరు తీర్చలేనిది

మితి మీరిన నీరు వేరులను కుళ్లించునని రైతునకు చెప్పవలసిన పని లేదు. వైద్యుడు చెప్పినదానికి రెట్టింపు త్రాగినంత మాత్రమున మూత్రపిండము రెట్టింపు కాలము మన్నదు. పాదములు వాచుట, ఆయాసము, ఒకటి రెండు దినములలో కిలోకు మించి బరువు పెరుగుట కనుపించినచో అది నీరు నిలుచుచున్న గుర్తు. అప్పుడు ఇంకను త్రాగుట తప్పు. నీరు చాలినంత త్రాగుచున్నను మూత్రము తగ్గినచో, పొత్తికడుపున క్రొత్త మూత్రపిండ మున్నచోట నొప్పి పుట్టినచో, అది త్రోసివేత కావచ్చును, దారి మూసికొనుట కావచ్చును. ఇవి నీటితో తీరునవి కావు. నీరు మందునకు బదులు కాదు. ప్రతి దినమును చెప్పిన గంటకు మందు వేసికొనుటయే ఆ అవయవమునకు వేరు; నీరు ఆ వేరునకు తడి.

కాలేయము, గుండె మార్పిడి జరిగినవారును ఇట్టి మందులనే వాడుదురు గావున, వారి స్వంత మూత్రపిండములకును ఇదే భయము గలదు. అయితే వారి నీటి లెక్క వేరు. ముఖ్యముగా గుండె రోగులు వైద్యుని మాట మీరరాదు.

సంఘము చేయదగినది

ఇది ఒక్క రోగి విషయమే కాదు. శ్రీకాకుళము జిల్లా ఉద్దానములో కొబ్బరి, జీడిమామిడి తోటలలో పనిచేయువారు వేలకొలది మూత్రపిండ రోగముచే బాధపడుచున్నారు. దాని మూలకారణ మింకను నిశ్చయముగా తేలలేదు. ఎండలో నీరు లేక పనిచేయుటయు కారణములలో నొకటి కావచ్చునని శాస్త్రజ్ఞులు పరిశోధించుచున్నారు. మధ్య అమెరికా దేశములలో చెఱకు నరకువారికి ఇట్టి రోగమే రాగా, నీరు, నీడ, విశ్రాంతి యను మూడింటిని నియమముగా నిచ్చు పద్ధతిని కొన్ని తోటలలో అవలంబించిరి. ఆ మూడింటికిని పెట్టుబడి ఎంత? ఒక బిందె, ఒక పందిరి, ఒక గడియ.

కావున మన సంఘమునకు మూడు మనవులు చేయుచున్నాము. మొదటిది: పొలములలో జరుగు ప్రదర్శనములకును, సర్వసభ్య సమావేశములకును, పాల కేంద్రము వద్దను కాచి చల్లార్చిన నీటిని మూతగల పాత్రలో నుంచవలెను. ఆ ఖర్చు సంఘపు లెక్కలో వ్రాయవచ్చును. రెండవది: మార్పిడి జరిగిన సభ్యుడు ఎండవేళ పని మాని నీడకు పోయినచో అతనిని సోమరి యని యెగతాళి చేయరాదు. టమోటా కోత, మూటలు మోయుట వంటి పనులను ఉదయము పది గంటలలోపలను, సాయంకాలమున నాలుగు గంటల తరువాతను అతనికి కేటాయింపవలెను. మూడవది: సభ్యుడు ఆసుపత్రిలో పరీక్షలకు పోవు దినమున అతని ఆవుల పాలు పిదుకుట, పైరునకు నీరు కట్టుట ఇరుగుపొరుగువారు వంతు వేసికొనవలెను. పని చెడునను భయముచేత పరీక్ష మానుకొనువారిని మేమెరుగుదుము.

గత నెలలో మరల అదే పొలమున ప్రదర్శనము జరిగినది. ఈ మారు కొయ్యల కంటె ముందుగా నీటి పాత్ర వచ్చెను. వేపచెట్టు క్రింద దానిని పెట్టించితిమి. గంట కొకమారు పని నాపి అందరిని త్రాగుమంటిమి. ఆయన ఒక్కడే సిగ్గుపడవలసిన పని లేకపోయెను. పండ్రెండు గంటలకు ఆయన తన రెండవ సీసాను మాకు తలక్రిందులుగా పట్టి చూపెను. ఒక్క బొట్టును రాలలేదు. ఆ సంగతి ఆ తల్లికి చెప్పవలెనని సాయంకాలము వారి యింటికి పోతిమి. ఆమె పొయ్యిమీద మరునాటి నీరు కాచుచుండెను.